ఆరు మిల్లీమీటర్లు

క్రేన్లను చూసి చెప్తరందరు, ఈ పట్నం పెరిగిందని.
నేను లోపలి దిక్కు నుంచి చెప్త.
వడ్ల మొండయ్య అంటరు నన్ను,
దుబాయి దేరాల, నైఫ్ గల్లీలల్ల
పార్టిషన్లు కొట్టేటోణ్ణి.

మొదాలు ఆ ఫ్లాటు తాళం తీసిన్నాడు
ఒక హాలు, రెండు బెడ్రూములు, బట్టలారేసే బాల్కనీ.
మిస్రీ ఇంజనీరొకాయన పిల్లలతోని ఉండి వోయిండట.
గోడకు పెన్సిల్ గీతలు, ఒకదాని మీదొకటి,
ఏ ఏడు పోరడెంత పొడుగైండో.
వాటి మీదికెల్లే పలక నిలవెట్టి
మొదటి మొల కొట్టిన.

హాలు మూడైంది. మల్లొచ్చే ఏడు ఐదైంది.
బాల్కనీకి పలక అడ్డం పెడితే
ఆకాశం పోయి అర్ర అచ్చింది.
ఫ్రిజ్జు జరిపితే దాని జాగల ఒక మంచం.
"మొండయ్యా, ఇంకో మనిషి పడ్తడా?"
షంసీర్ భాయ్ అడుగుడు, నేను టేపు తీసుడు.
పడ్తడు. ఎప్పుడడిగినా పడ్తడు.
నేను బాత్రూం మీది సజ్జల పంట, కిరాయి మాఫీ.

మా నాయిన బండి చక్రాలు చేసేటోడు.
ఆకుకు ఆకుకు నడుమ ఎడముంటెనే అది చక్రం,
లేకుంటే వట్టి చెక్క, అంటుండె.
ఆ మాట ఈడ ఎవలికీ చెప్పలే.
చెప్తే నా పని వోతది.

సర్కారోళ్లు పతాకలు లెక్కవెడ్తరు,
నేను మొలలు లెక్కవెడ్త.
గోడలకు చెవులుంటయంటరు గద,
నేను కొట్టినయాటికి చెవులే ఉంటయి, గోడ ఉండది.
ఆస్తెర్ కాఫీ గింజలేంచితే
నేపాలీ టేక్ బహాదూర్ నిద్రలేస్తడు.
రాత్రి ఎవలో దగ్గుతరు,
అటు రోవెనా, ఇటు మొఫిజుల్
ఇద్దరూ తమదే అనుకొని నీళ్లు తాగుతరు.
బాత్రూం తలుపుకు కాయితం:
నాలుగున్నర నుంచి, మనిషికి ఎనిమిది నిమిషాలు.
రాయచోటి ఖాసింబీ పేరు ఆఖర్ల ఉంటది,
రాసినోడు ఆమెను మర్చిపోయి
తర్వాత ఇరికిచ్చిండు.

ఒక రాత్రి బలదియోళ్లు నోటీసు అంటిచ్చి వోయిండ్రు.
పొద్దుగాల్లవరకు అన్నీ తీసెయ్యాలె.
కొట్టిన చెయ్యే పీకాలె, మొలకు మొల.
ఒంటిగంటకు బాల్కనీకి ఆకాశం తిరిగొచ్చింది.
మూడింటికి హాలు మల్ల హాలైంది.
ఇరవై ముగ్గురం.
సూట్‌కేసుల మీద కూసొని ఒకల్నొకలు చూస్తున్నం,
ఏండ్లనుంచి గొంతులే తెలుసు, మొఖాలు కొత్త.
"ఆ అలారం నీదేనా?" అన్నది రోవెనా.
బహాదూర్ సిగ్గువడ్డడు.
ఒక పలకను అడ్డంగ పండవెట్టినం,
ఖుబ్బూసు తెంపుకొని తిన్నం, పప్పు ఎవలిదో.

ఖాసింబీ గోడ దగ్గర నిలవడ్డది.
కింది గీత తన మోకాలు మీద,
పై గీత భుజం కాడ.
"ఏం గీతలన్నా ఇవి?"
"నావే," అన్న. "కొలతలు."
ఆమె కొంగుతోని పై గీత మీది దుమ్ము తుడిచింది.
ఇంకేం అడగలే.

తెల్లారేసరికి ఎవల దారి వాళ్లది.
షార్జాల ఒకలు, అజ్మాన్ల ఒకలు,
ఆస్తెర్ యాడికి వోయిందో చెప్పలే.

పదిహేను దినాలకు షంసీర్ భాయ్ ఫోను.
వేరే గల్లీ, వేరే ఫ్లాటు, అదే పలకలు.
"పాత మొలల బొక్కలకు పుట్టీ పెట్టు మొండయ్యా,
ఒకలర్ర ఒకలకు కానస్తది."
పెట్టిన.
అన్నిటికి కాదు.